ట్రాక్టరు ఆగదని సారు చెప్పిండు

2012 చివర్లో మేము శంషాబాద్ దగ్గర పాల్మాకులలో ఒక రైతు ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్లం. మాది కోస్తా. మా ఆయనకు ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం దొరికితే ఇటు వచ్చాం. నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని.

ఆ రోజుల్లో టీవీ పెడితే యుగాంతమే. సూర్యుడి మీద పేలుడు జరుగుతుందట. దాని విద్యుదయస్కాంత దెబ్బకు, అంటే పల్స్‌కు, సెల్‌ఫోన్లు మాడిపోతాయట, బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయట, కరెంటు ఇక రాదట. కింద ఉండే మా ఇంటాయన, అదే ఆ రైతు, అది చూసి చూసి, ఆగిపోయాక ఎవడు కొంటాడని ట్రాక్టరు అమ్మకానికి పెట్టాడు.

నేను కిందికి వెళ్లి నచ్చజెప్పాను. "సూర్యుడి తుఫాను దెబ్బ పొడవాటి తీగల మీదేనండీ. వానొస్తే ఎకరం చేలో ఎన్ని నీళ్లు పడతాయి, చెంబులో ఎన్ని పడతాయి? ఊళ్లు దాటి సాగే హైటెన్షన్ లైను ఎకరం చేను లాంటిది. మీ ట్రాక్టరులో వైరు చెంబంత. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు ప్రమాదం గానీ మీ బండికేం కాదు."

"అట్లనా మేడం," అన్నాడాయన. మర్నాడే పహాడీ షరీఫ్ నుంచి కొనేవాళ్లు వచ్చి ట్రాక్టరు చుట్టూ తిరిగి చూసి వెళ్లారు.

మా స్కూల్లో లెక్కలు చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. ఇక్కడివాడే. నాకంటే చాలా చిన్నవాడు, నా తర్వాత చేరినవాడు. పిల్లలు ఆయన వెంటే తిరిగేవారు. నా క్లాసులో ఆవలించేవాళ్లు ఆయన క్లాసులో బెంచీల మీద ముందుకు వంగి వినేవారు. అది కిటికీలోంచి కనబడ్డప్పుడల్లా నాకు కడుపులో మండేది.

ఒకరోజు భోజనాల దగ్గర, "మేడం, గీ పల్స్ గురించి పిల్లలు అడుగుతున్రు, జర చెప్పున్రి," అన్నాడు. అంతా చెప్పాను. చెంబు సంగతీ చెప్పాను. చాలా ఎత్తున అణుబాంబు పేలిస్తే పుట్టే పల్స్ వేరని, అది రెప్పపాటులో వచ్చి ఫోన్లలో, కొత్త కార్లలో ఉండే చిప్పులను కూడా చెడగొట్టగలదని, టీవీవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నారని చెప్పాను.

తల్లిదండ్రుల మీటింగులో దీని గురించి మాట్లాడమని ప్రిన్సిపాల్ ఎవరిని పిలిచారు? ఫిజిక్స్ నాది. పిలిచింది ఆయన్ని.

"వాన గొడితే ఎకరం చెలకల ఎన్ని నీళ్లు పడ్తయి? చెంబుల ఎన్ని పడ్తయి?" అని మొదలుపెట్టాడు. జనం నవ్వారు. నా మాటే, కానీ ఆయన నోట వాళ్ల మాటైపోయింది.

మా ఇంటాయన లేచాడు. "సారూ, అయితే నా ట్రాక్టర్ ఆగదా?"

"ఎందుకాగుతది కాకా! పాత డీజిల్ బండి. అండ్ల చిప్పుల్లేవు, ఏం లేవు."

చప్పట్లు మోగాయి. "గిదంత మన ఫిజిక్స్ మేడం చెప్పిందే," అన్నాడు ఆ సందడిలో. ఒక్కరూ నా వైపు తిరగలేదు. తన గొప్పతనానికి తోడు ఆ మంచితనం కూడా చూపించేసరికి నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే ఇంటాయన బేరం వద్దనుకున్నాడు. మర్నాడు పొద్దున ఆయన భార్య నా చేతిలో టిఫిన్ డబ్బా పెట్టింది. "నాటుకోడి కూర మేడం. మీ లెక్కల సారుకియ్యి. ఆయన చెప్పకుంటె మా బండి పోతుండె."

బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. భోజనాల దగ్గర సారు మూత తీసి, సగం నా పళ్లెంలోకి వంచాడు. "మీరు చెప్పిందే కదా మేడం." వద్దన్నాను. బలవంతపెట్టాడు. తిన్నాను. కూర అద్భుతంగా ఉంది, అదీ నచ్చలేదు నాకు.

యుగాంతమని చెప్పిన రోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే కోతకు కరెంటు పోయింది, ఎప్పటిలాగే వచ్చింది. ఇంటాయన ట్రాక్టరు స్టార్టు చేసి, మేడమెట్ల మీద నిలబడ్డ నన్ను చూసి అరిచాడు.

"చూసిన్రా మేడం, సారు చెప్పినట్లే అయింది!"

"అవునండీ," అన్నాను.