కరెంటు పోయిన రోజుల లెక్క

ఇళ్ల కాంట్రాక్టులు పట్టే వీరేష్ ఠేకేదారు సుందరాబాయికి పద్నాలుగు రోజుల కూలి ఎగ్గొట్టాడు. హాజరీ పుస్తకంలో ఆ పద్నాలుగు గీతలు కొట్టేసింది నా పెన్నే కాబట్టి ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

నాలుగేళ్ల కిందటి మాట. కుంఠా నాకాలో తువ్వాళ్ల మరమగ్గాలు నడిపే లక్ష్మణ్ సేఠ్‌కు ఇల్లు కడుతున్నాం. నేను హాజరీ రాసేవాణ్ని. ఒక మనిషి ఒక రోజు చేసే పనిని మా దగ్గర ఒక హాజరీ అంటారు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండే సుందరాబాయి పగలు సిమెంటు తట్ట మోసి, ఇంటికి వెళ్లాక బీడీలు చుట్టేది. పునాది లేచిన రోజే ఆమె నడుం మీద చేయి పెట్టుకుని చుట్టూ చూసి, ఎవరూ అడగకుండానే వీరేష్‌తో, "మూడు వందల పది హాజరీలు పడతయ్ సేఠ్" అంది.

వీరేష్ అప్పటికే రెండు వందల నలభై అని లెక్కగట్టి పని ఒప్పుకున్నాడు.

"బీడీలు చుట్టేదానికి బిల్డింగు లెక్కలు ఎందుకు? తట్ట ఎత్తు" అన్నాడు.

పని ముగిసేసరికి మూడు వందల పద్నాలుగు అయ్యాయి. తప్పు తన లెక్కలో లేదట, ఆమె నోట్లో ఉందట. "నీ నోటి దిష్టి తగిలింది" అని చివరి రెండు వారాల కూలి ఆపేశాడు. గీతలు కొట్టేయమని నాతో అన్నాడు. కొట్టేశాను. ఆమె పక్కనే నిలబడి చూసి, "పెన్ను మంచిగ నడుస్తుందిరా నీది" అంది. ఆ నెలలోనే నేను ఆ కొలువు మానేశాను. దాంతో ఆమె కూలి ఏమీ తిరిగి రాలేదు.

పాత కాగితాల రద్దీ దుకాణంలో కిలో లెక్కన కొన్న పుస్తకాల్లో ఇంజనీర్ల అంచనాల పుస్తకం ఒకటి దొరికింది. ఒక మేస్త్రి రోజుకు ఇన్ని చదరపు మీటర్ల ప్లాస్టరింగు చేస్తాడని అందులో పట్టికలు ఉన్నాయి. ఒకరోజు ఆమె ఇంటికి పోయి చదివి వినిపించాను. చాటలో తునికాకు కత్తిరిస్తూ విన్నది.

"వాడు ఛాయ్ తాగడా?"

"రాయలేదు అత్తా."

"అమాసకు ఇంట్ల ఉండడా?"

"అదీ రాయలేదు."

"ఏ ఊరోడోగని, మనకు దొరికితే బాగుండు."

ఆమె పద్ధతి వేరు. పని చూడాల్సిన చోటికి చాట పట్టుకుని పోయి, ఎదురుగా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. ఇరవై అయిదు బీడీల కట్ట ఒకటి తయారు కావడానికి ఆమె చేతికి పావుగంట. ఎవరు ఒక కట్టలో ఎన్ని ఇటుకలు పెడతారు, ఎవరు తంబాకు నలుపుతూ అరకట్ట పోగొడతారు, అన్నీ ఆ చాటలోంచే తెలిసేవి. ఆమె గోడను చూడదు, మనుషులను చూస్తుంది.

పోయినేడు లక్ష్మణ్ సేఠ్ మగ్గాల షెడ్డు కప్పు తీసేసి, గోడలు నాలుగడుగులు లేపి కొత్త రేకులు వేయించాలనుకున్నాడు. అన్ని రోజులూ మగ్గాలు మూతే. తువ్వాళ్ల ఆర్డరుకు మాట ఇచ్చి ఉన్నాడు. ఇంకో చిక్కు, మగ్గాలు మూసి ఉన్నన్నాళ్లు తన నేతగాళ్లు వేరే కార్ఖానాకు పోకుండా వాళ్లనే ఈ పనిలో కూలీలుగా పెట్టుకోవాలన్నాడు. వీరేష్ వచ్చి ఇరవై ఎనిమిది రోజులన్నాడు. సేఠ్ పిలిపిస్తే సుందరాబాయి రెండు రోజులు షెడ్డు ఎదుట బీడీలు చుట్టి, ముప్పై ఆరు అంది.

"ఎనిమిది దినాలు ఎక్కువేందమ్మా?" అన్నాడు సేఠ్.

"రెండు అమాసలు. మిగిలిన ఆరు కరెంటుకు."

"ఇటుక పెట్టనీకి కరెంటు ఎందుకు?"

"ఇటుకకు వద్దు సేఠ్. నీ మనుషులకు గావాలె."

సేఠ్‌కు అర్థం కాలేదు, నాకూ కాలేదు. కానీ తన ఇంటికి పట్టిన మూడు వందల పద్నాలుగు హాజరీలు ఆయనకు గుర్తున్నాయి. పని ఆమెకే ఇచ్చాడు. ఒక్క షరతు. ముప్పై ఆరు దాటితే ఆయన నష్టం ఆమె భరించాలి. సుందరాబాయి మెడలోని బంగారు గుండ్ల పేరు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆమెకు ఉన్న బంగారమంతా అదే. హాజరీ రాయడానికి నన్ను పిలిచింది. "కొట్టేసే పెన్ను ఇంటికాడ వెట్టి రా" అని కబురు.

మొదటి రోజు పదకొండింటికి కరెంటు పోయింది. గల్లీలోని మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. మా నేతగాళ్లు ఆరుగురూ తట్టలు అక్కడే దింపి, చేతులు దులుపుకుని, వరుసగా ఛాయ్ దుకాణానికి నడిచారు. ముందు కొమురయ్య తాత. ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపినవాడు.

"తాతా, తట్టకు కరెంటెందుకే?" అన్నాను.

ఆయన సగం దారిలో ఆగి, తట్టనూ నన్నూ చూసి, "అవురా!" అన్నాడు. అని, ఛాయ్‌కే పోయాడు.

సుందరాబాయి తల కూడా ఎత్తలేదు. "కట్టన్నర పడతది. రాసుకో" అంది.

నెల రోజులు అలాగే నడిచింది. ముప్పై మూడో రోజు గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది రావడానికి మూడు రోజులన్నారు. మాకు మిగిలిన పని కూడా సరిగ్గా మూడు రోజులే. ఆరుగురూ ఛాయ్ దుకాణంలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. పిలిస్తే వస్తారు, రెండు తట్టలు మోస్తారు, గల్లీ చప్పుడు లేకుండా ఉండడం చూసి మళ్లీ పోతారు. సుందరాబాయి చేయి ఉత్త మెడ మీదికి పోయింది. అలా పోవడం నేను చూడడం అదే మొదలు.

నా వైపు తిరిగి, "ఋషికేశ్, నీ ఫోన్ల మగ్గం సప్పుడు ఎక్కించుకొని రా పో" అంది.

కరెంటు ఉన్న గల్లీకి సైకిలు తొక్కి పది నిమిషాల చప్పుడు పట్టుకొచ్చాను. భజన మండలి వాళ్ల బ్యాటరీ స్పీకరు తెచ్చి గోడ మీద పెట్టి మోగించాం. ఖట్‌ఖట్ ఖట్‌ఖట్. దుకాణంలో ఒకడు గ్లాసు దింపాడు. ఇంకొకడు లేచాడు. కొమురయ్య తాత లోపలికి వచ్చి, స్పీకరు ముందు నిలబడి చెవి పెట్టి విన్నాడు.

"గిది తువ్వాల మగ్గం గాదు. చాదర్ మగ్గం. ఎడమదిక్కు పట్టీ గూడ వదులైంది."

"గయితే పని జేయవా?" అంది సుందరాబాయి.

"ఎందుకు జెయ్య? నా మగ్గం అయితే గా పట్టీ బిగించేటోన్ని, గంతే" అని తట్ట ఎత్తాడు. మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. మూడు రోజులూ ఆ పది నిమిషాలే తిప్పి తిప్పి మోగించాం. పక్కింటి ఆరతి వదిన వచ్చి, కరెంటు లేని రోజైనా చెవులకు సుఖం లేదా అని తిట్టిపోయింది.

ముప్పై ఆరో రోజు మధ్యాహ్నం ఆఖరి రేకు పడింది. లక్ష్మణ్ సేఠ్ గుండ్ల పేరు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, వెనక గోడ కూడా ఎప్పుడు చేస్తావని అడిగాడు. ఆమె తాపీగా మెడలో వేసుకుని, ముందు చాట తెచ్చుకుని రెండు రోజులు కూర్చుంటానంది.

మొన్న కుంభారి బస్సులో కలిసింది. ఒళ్లో చాట, మెడలో గుండ్లు. వీరేష్ ఆమె ఇంటికి పోయి తన కొత్త పనికి లెక్క అడిగాడని విన్నాను, నిజమా అన్నాను.

"నిజమే. పద్నాలుగు దినాల కూలి ముంగట వెట్టినంకనే నోరు తెరిసిన. రెండు వందల డెబ్బై హాజరీలు, అందుల పన్నెండు వేరే అన్న. గా పన్నెండు ఏందియి అని అడిగిండు. నువ్వు సైటు మీదికొచ్చి కూలోళ్ల మీద ఒర్రే దినాలు సేఠ్, ఒర్రకుంటే మిగుల్తయ్ అన్న."