పక్క గుమ్మం టీచరు

కనాటా అనే చలిదేశపు ఊళ్ళో ఆ వీధికి ఒక విచిత్రం ఉండేది. శనివారం పొద్దున్న కార్లు వరసగా వచ్చి, ఏ ఇంటి ముందూ ఆగకుండా, మలుపులో పోస్టు డబ్బాల దగ్గర ఆగేవి. ఒక్కో కారులోంచి ఒక్కో పిల్ల దిగేది. తలకి ఊలు టోపీ, వీపున సంచి. మంచులో తవ్విన సన్నటి దారి వెంట నడిచి, బాలత్రిపురసుందరి ఇంటి పక్క గుమ్మంలో మాయమయ్యేది. ముందు కారు కదిలాకే వెనక కారు వచ్చేది. ఆ కారులో తల్లికి ఈ తల్లి బాగా తెలుసు. అయినా ఇద్దరూ రేడియో సర్దుకుంటున్నట్టు తలలు వంచుకునేవారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే అదే.

మనవాళ్ళ సంగతి మనకు తెలియనిదా! ఫలితం చేతికి వచ్చేదాకా నోరు విప్పరు. ఇల్లు కొంటే గృహప్రవేశం పిలుపు వచ్చేదాకా చెప్పరు. కడుపుతో ఉంటే అయిదో నెల దాటేదాకా చెప్పరు. దిష్టి తగులుతుందన్నది పైకి చెప్పే భయం. పక్కవాడు కూడా అదే దారి పడతాడేమోనన్నది అసలు భయం. పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి ఈ జబ్బు మరీ ముదురుతుంది. సీటు వచ్చాక, "మా అమ్మాయి పుస్తకం ముట్టుకోదండీ, ఎలా వచ్చిందో ఏమో!" అని తీరాలి. లేకపోతే ఆ సీటుకి విలువ లేదు.

ఆ సీటు ఏమిటంటే, ఊళ్ళో ఒక గవర్నమెంటు బడిలో లెక్కలూ సైన్సూ ప్రత్యేకంగా చెప్పే క్లాసులో చోటు. ఫీజు లేదు. ల్యాబులకీ, దూరం నుంచి పిల్లల్ని తెచ్చే పసుపు బస్సులకీ ఖర్చంతా స్కూలు బోర్డుది, అంటే జనం కట్టే పన్నుది. ఏడో క్లాసులో చేరాలంటే ముందు పరీక్ష రాయాలి. ఆ పరీక్షకి తన ఇంటి కింది బేస్‌మెంట్‌లో పిల్లల్ని తయారు చేసేది సుందరి.

పెళ్ళికి ముందు ఆమె విజయవాడ దగ్గర ఒక హాస్టలు కాలేజీలో లెక్కలు చెప్పింది. "సుందరి మేడమ్ వస్తున్నారు" అంటే వరండా అంతా సర్దుకునేది. భర్త కోదండరామ్ ఉద్యోగం డాలస్ నుంచి ఇక్కడి టెలికం ఆఫీసుకి మారితే ఆమె కూడా వెంట వచ్చింది. ఇక్కడ బడిలో చెప్పాలంటే మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు. పిల్లలు పుట్టలేదు. కోదండరామ్ మంచివాడే, కాని మాటకింత అని ఎవరో పన్ను వేసినట్టు మాట్లాడేవాడు. చలికాలం ఆ ఇంట్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు చప్పుడు తప్ప మరో గొంతు వినిపించేది కాదు. అలాంటి ఇంట్లో మొదటిసారి ఒక పిల్ల బేస్‌మెంట్ మెట్లు దిగి "గుడ్ మార్నింగ్, టీచర్" అన్నప్పుడు, సుందరి మార్కరు తెస్తానని పైకి వెళ్ళి, వంటింట్లో కాసేపు ఏడ్చి వచ్చింది.

అందరిలోకీ ఆమెకి అనన్య అంటే ముద్దు. లెక్క తెగకపోతే పెన్సిలు చెవి మీద పెట్టుకుని సుందరి పెట్టిన జంతిక కొరుకుతూ ఆలోచించేది. తెగగానే, "టీచర్! ఐ గాట్ ఇట్!" అని అరిచేది. రెండు చలికాలాలు ఆ పిల్ల ఆ గుమ్మంలోంచే వచ్చింది.

ఉగాదికి తెలుగువాళ్ళంతా కమ్యూనిటీ హాల్లో చేరారు. సుందరి పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. అనన్య తల్లి చరిత మరో ఇద్దరు ఆడవాళ్ళతో నిలబడి పచ్చడి గిన్నెలు పంచుతోంది. ఆ ఇద్దరి పిల్లలూ సుందరి బేస్‌మెంట్‌కి వచ్చేవాళ్ళే.

"ఈవిడ సుందరి గారని, మాకు తెలిసినావిడ" అని చరిత పరిచయం చేసింది.

"అలాగా? ఏం చేస్తుంటారండీ?" అని వాళ్ళు అడిగారు, ఎంతో మర్యాదగా.

"ఇంట్లోనేనండీ" అంది సుందరి.

తల్లి పక్కన నిలబడ్డ అనన్య సుందరి చెప్పులకేసే చూస్తూ ఉండిపోయింది. పిల్లకి అలాగే నేర్పారు. సుందరికి ఆ రోజు పచ్చడిలో చేదు ఒక్కటే తగిలింది. ఆమె కోరిక పెద్దదేం కాదు. ఒక్కసారి, ఒక్కరు, పదిమందిలో తనని టీచరనాలి.

ఆ అవకాశం శరదృతువులో వచ్చినట్టే వచ్చింది. ప్రత్యేక క్లాసులకి వచ్చే పిల్లలంతా ఊళ్ళో కొన్ని పేటల నుంచే వస్తున్నారని బోర్డు గుర్తించింది. అందరి డబ్బుతో నడిచే క్లాసులో అన్ని వీధుల పిల్లలూ ఉండాలంది. పరీక్ష తీసేసి లాటరీ పెడదామని, ఇంతవరకూ ఒక్క పిల్లనీ పంపని బడులకి కొన్ని సీట్లు విడిగా ఉంచుదామని ప్రతిపాదించింది. తల్లిదండ్రుల మాట వినడానికి బడి జిమ్‌లో మీటింగు పెట్టారు.

చరిత ఫోన్ చేసింది. "సుందరి గారూ, మీరు తప్పకుండా మాట్లాడాలండీ. పిల్లలు ఎంత కష్టపడతారో మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మీరు టీచర్ కదా!"

టీచర్ కదా! ఆ మాట పట్టుకుని సుందరి వారమంతా గాల్లో నడిచింది.

మీటింగులో ఆమె కంటే ముందు, బస్సు స్టేషన్ దగ్గరి అపార్టుమెంట్ల నుంచి వచ్చిన ఒకావిడ మైకు ముందుకొచ్చింది. "మా అమ్మాయికి లెక్కలంటే ప్రాణం. ఇలాంటి పరీక్ష ఒకటుందని మాకెవరూ చెప్పలేదు" అని ఇంగ్లీషులో చెప్పి కూర్చుంది. ఎవరు చెబుతారు తల్లీ, మాలో మేమే చెప్పుకోం కదా అనుకుంది సుందరి. ఆవిడ మాట న్యాయమేనని అప్పుడే తెలిసింది. అయినా తన వంతు వచ్చింది, లేచింది.

"ఈ పిల్లలు ఊరికే గెలవలేదు. ఎన్నో శనివారాలు ఆటలు మానుకుని కష్టపడ్డారు. నేను వాళ్ళ టీచర్ని. వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు, అడగండి" అంది.

బోర్డు మనిషి కళ్ళజోడు తీసి నవ్వుతూ, "ఈవిడ దగ్గర చదివిన పిల్లల తాలూకు వాళ్ళు ఎవరు?" అని అడిగాడు.

సుందరి వెనక్కి తిరిగింది. ఆమె జంతికలు తిన్న పిల్లల తల్లిదండ్రులతో నాలుగు వరసలు నిండి ఉన్నాయి. ఒక్క చెయ్యీ లేవలేదు. చెయ్యెత్తితే కోచింగు వల్లే సీట్లు వస్తున్నాయని ఒప్పుకున్నట్టు. పైగా పక్క కుర్చీ వాళ్ళకి తెలిసిపోయినట్టు. అనన్య చెయ్యి మాత్రం కొంచెం కదిలింది. చరిత ఆ చేతిని మెల్లిగా తన ఒళ్ళోకి తీసుకుంది.

"థాంక్యూ, మేడమ్" అన్నాడు బోర్డు మనిషి దయగా. ఆ దయకి సుందరి ప్రాణం చచ్చిపోయింది. అంతమంది తనవాళ్ళ మధ్య అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ నిలబడలేదు.

లాటరీ ఖాయమైంది. ఆపైన పోస్టు డబ్బాల దగ్గర కారన్నది ఆగలేదు. కొందరు మెసేజి పెట్టారు, కొందరు అదీ పెట్టలేదు. శనివారం వస్తే సుందరి అలవాటు కొద్దీ పక్క దారిలో మంచు తవ్వేది. తవ్వాక, ఎవరి కోసమా అని పార పట్టుకుని నిలబడేది.

ఆ ఏడు ఇండియా నుంచి కాలేజీ పిల్లలు తండోపతండాలుగా దిగారు. గది దొరకడమే గగనమైంది. "బేస్‌మెంట్ ఖాళీయే కదా" అన్నాడు కోదండరామ్. వారం మొత్తానికి ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే. కరీంనగర్ నుంచి వచ్చిన రిషిత, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పరుపులతో దిగారు.

"ఆంటీ, గీ తెల్ల బోర్డు తీసెయ్యమంటరా? బట్టలారేసుకునేటందుకు జాగ లేదు" అంది రిషిత.

"తీసెయ్యమ్మా" అంది సుందరి. దాని మీద అనన్య సగం చేసి వదిలేసిన లెక్క ఇంకా ఉంది. ఆమె తన కొంగుతోనే తుడిచింది.

మంచు కరిగాక ఒక శనివారం మధ్యాహ్నం ముందు గుమ్మం బెల్లు మోగింది. తీస్తే ఎదురుగా అనన్య, చేతిలో లడ్డూల డబ్బా. ఇంటి ముందే, సరిగ్గా డ్రైవ్‌వేలో చరిత కారు. అద్దం దించి చెయ్యి ఊపుతోంది.

"లాటరీలో అనన్యకి సీటొచ్చిందండీ! మా అమ్మాయి పుస్తకం ముట్టుకోదు, మీకు తెలుసు కదా. అంతా అదృష్టం!"

సుందరికి సంతోషం ముంచుకొచ్చింది. పిల్ల గడ్డం పట్టుకుని, "చాలా సంతోషం, కన్నా" అంది. ఆ క్షణం ఆమెకి ఎవరిమీదా కోపం లేదు. ఆ నోటి నుంచి రావలసిన ఒక్క మాట కోసం చూసింది.

"మామ్ ఈజ్ గివింగ్ టు ఎవ్రీవన్" అంది అనన్య, కారులో ఉన్న మిగతా డబ్బాలు చూపిస్తూ. తరవాత, "బై, ఆంటీ" అంది.

ముందు గుమ్మంలోంచి ఎందుకు వచ్చారో సుందరికి అప్పుడు అర్థమైంది. ఇప్పుడిక దాచుకోవలసింది ఏమీ లేదు. అనన్య మెట్లు దిగుతూ, కాళ్ళు పాత అలవాటు మరిచిపోక, పక్క దారిలోకి తిరిగింది. చరిత హారన్ కొట్టింది. "అటు కాదే, ఇటు!"

సుందరి డబ్బా పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది. పొయ్యి దగ్గర ఉన్న రిషిత లడ్డూ నోట్లో వేసుకుని, "ఏం విశేషం ఆంటీ?" అంది.

"ఆ అనన్యకి మంచి బళ్ళో సీటొచ్చింది."

"ఎవరాంటీ, మీకు సుట్టాలా?"

సుందరి ఒకప్పుడు బోర్డు ఉన్న గోడ వైపు చూసింది. మేకులకి తాడు కట్టి తువ్వాళ్ళు ఆరేశారు. చెబుదామనే నోరు తెరిచింది.

"కాదమ్మా. తెలిసినవాళ్ళ పిల్ల" అంది.