అత్తయ్య నొక్కని బటన్

మా మేనత్త ఇక లేదని రాజోలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అమలాపురం బస్టాండులో వేరుశనగకాయలు కొంటున్నాను. చేసింది ఆవిడ కోడలు. "పొద్దున్న కాఫీ తాగేరు అన్నయ్యగారూ, కుర్చీలోనే అలా ఒరిగిపోయేరు అత్తయ్యగారు," అంది. పొట్లం చేత్తో పట్టుకునే బస్సెక్కాను. ఎనభై దాటిన మనిషి పోవడంలో వింతేముంది అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆవిడ ఒక పని మధ్యలో ఉంది.

బడిలో ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరైంది అత్తయ్య. ఆదివారం మధ్యాహ్నం వానొచ్చినా, ఎండ పేల్చేస్తున్నా చేల నీళ్లు సముద్రానికి మోసే మురుక్కాలువ మీది వంతెన దాటి అవతలి పేటలో సండే స్కూల్ చెప్పేది. పిల్లలు కొట్టుకుంటే, కొట్టినవాణ్ణి ముందు పిలిచేది. "దెబ్బ తిన్నవాడి మాట ఎలాగూ అందరం వింటాం. నువ్వు చెప్పు ముందు," అనేది. అవతలి పేటనే ఎందుకు ఎంచుకుందో మేమెవరం అడగలేదు. సేవ అనుకున్నాం.

రెండేళ్ల కిందట తుంటి ఎముక విరిగింది. సీరియళ్లు చూడనని మొండికేస్తే, నా పాత కంప్యూటర్ తెచ్చి నేనాడే ఆట ఒకటి పెట్టిచ్చాను. కత్తులు, మంత్రాలు, రెక్కల పాములు ఉంటాయి అందులో. వరదలో కావాలని ఆనకట్ట తెగ్గొట్టి ఒక లోయనంతా ముంచేసిన నల్లరాణిని వెతికి పట్టుకోవడం వీరుడి పని. దారిలో ప్రతి ఇంట్లోకీ దూరి, పెట్టెల్లో ఉన్న బంగారం, మందులు తీసుకుంటూ పోవాలి. అందరం అలాగే ఆడతాం. ఆవిడ దగ్గర మాత్రం కుదరలేదు.

"ఒరే, ఇంటావిడ అక్కడే నిలబడుంది కదా. అడక్కుండా పెట్టె తీసేస్తాడేంట్రా?"

"హీరో కదత్తా, తీసుకోవచ్చు."

"హీరో అని ఎవరు చెప్పేరు? వాడే చెప్పుకుంటన్నాడా?"

దాంతో ఆవిడ వీరుడు చిల్లిగవ్వ లేకుండా, చిరుగు చొక్కాతోనే ఆటంతా నడిచాడు. పిలవందే ఎవరి గుమ్మమూ దాటేవాడు కాదు. రాక్షసుడు ఎదురైనా సరే, వాడి గోడు పూర్తిగా వినేదాకా కత్తి తియ్యనిచ్చేది కాదు. నేను పక్కన కూర్చుని నవ్వేవాణ్ణి.

చివరికి నల్లరాణి దొరికింది. మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది: పైనున్న నగరం మునిగిపోకూడదని కింది లోయకి నీళ్లు వదిలాను, నువ్వు పుట్టింది ఆ నగరంలోనే. తెర మీద రెండు బటన్లు వచ్చాయి. ఒకటి నరకడానికి, ఒకటి వదిలెయ్యడానికి. అత్తయ్య మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. వారం తరవాత వెళితే ఆట ఇంకా అక్కడే ఆగి ఉంది.

"ఏదో ఒకటి నొక్కెయ్యత్తా. ఆటే కదా," అన్నాను.

ఆవిడ గోడ మీదున్న తాతయ్య ఫోటో వైపు చూసింది. "మా నాన్న అవతలి గట్టు తెంచేరని తెలుసు కదా నీకు."

"ఆయ్, తెలుసు. ఊరు నిలబెట్టేరు."

తెలియని వాళ్లెవరు? తుఫాను వానలకి మురుక్కాలువ పొంగినప్పుడు రెండు వైపుల వాళ్లూ ఎవరి గట్టుకి వాళ్లు కావలి కాసేవారు. అవతలి గట్టు తెగితే ఇవతలి ఊరు బతుకుతుంది. ఆ ఏడాది మా గట్టు జారిపోతుంటే తాతయ్య వెళ్లి అవతలిది తెంచేశాడు. మా ఇంట్లో గర్వంగా చెప్పుకునే కథ అది.

"కావలి ఉండగా ఎలా తెంచేరని ఎప్పుడైనా అడిగేవా? మిట్టమధ్యాహ్నం వాళ్లు అన్నాలకి వెళ్లేరు. చూసి పరిగెత్తుకొచ్చి నాన్నకి చెప్పింది నేను. గునపాలేసుకుని తాటిదోనెలో దాటేరు. అవతల ఒక బాలింత, చంటిపిల్ల పోయేరు." కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఆవేళ నన్నెత్తుకుని ముద్దుపెట్టుకున్నారురా మా నాన్న."

"నువ్వు చిన్నపిల్లవి కదత్తా."

"ఆ పిల్ల నాకన్నా చిన్నది. ఈవిడ్ని నరికితే మా నాన్నని నరికినట్టే. వదిలేస్తే ఆ తల్లికి ఏం చెప్పుకోను?"

ఆ గట్టు తెగకపోతే మా నాన్న బతికేవాడో లేదో, నేను పుట్టేవాణ్ణో లేదో. ఆ ముక్క తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆవిణ్ణి "ఊరిని కాపాడిన పెద్దాయన కుమార్తె" అన్నారు. అందరూ తలూపారు. వెనక బెంచీల్లో కూర్చున్న అవతలి పేటవాళ్లలోనూ కొందరు తలూపారు. నన్ను మాట్లాడమంటే ఆవిడ పెట్టే నిమ్మకాయ పచ్చడి గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

కంప్యూటర్ నాకే ఇచ్చి పంపారు. ఇంటికొచ్చి ఆట తెరిచాను. ఏ బటన్ నొక్కిందో చూడాలని నా ఆత్రం. నల్లరాణి ఎదుట వీరుడు లేడు. ఏ బటనూ నొక్కకుండా ఆ రెండింటినీ మూసేసి, అత్తయ్య అతన్ని వెనక్కి నడిపించుకుంటూ మునిగిపోయిన లోయకి తీసుకెళ్లింది. అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు, ఆట తయారుచేసినవాళ్లు కూడా అక్కడ ఏమీ పెట్టలేదు. నేను మౌస్ ముట్టుకోలేదు.

కత్తి సంచిలో పెట్టేసి ఉంది. చిరుగు చొక్కా వీరుడు నడుంలోతు నీళ్లలో లాంతరు ఎత్తి పట్టుకుని, ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. లోపలికి మాత్రం వెళ్లలేదు.