ఇశ్రాయేలు గారి గినీపంది

మా పక్కింటి ఇశ్రాయేలు గారు గుడివాడలో ఒక మందుల కాలేజీలో ముప్పై ఏళ్ళు ప్రయోగాల జంతువులను చూసుకున్నారు. గినీపందులను ఒక్కో బోనులో ఒక్కొక్కటిగా, గడ్డిపరక కూడా లేకుండా శుభ్రంగా ఉంచేవారు. అవి మూలన కదలకుండా కూర్చుంటే బుద్ధిగా ఉన్నాయని మురిసిపోయేవారు. 2006లో రిటైరైనప్పుడు మిగిలిన ఒక్కదాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే అది తిండి మానేసింది.

పశువుల డాక్టరు చూసి, "జబ్బేం లేదండీ, దిగులు. దానికి పొద్దుపోయేట్టు ఏదో ఒకటి చెయ్యకపోతే దక్కదు" అన్నాడు.

ఆ రోజు నుంచీ ఆయన వరండాలో వరిగడ్డి పరిచి, పగిలిన కుండలు బోర్లించి, అది వెతుక్కుని తినాలని కొత్తిమీర కాడలు అక్కడక్కడా దాచేవారు.

"నలభై ఏళ్ళ కాపురంలో నాకోసం ఒక్క జంతిక ముక్కైనా దాచారా?" అని భార్య కరుణమ్మ గారు దెప్పేవారు. ఆయన నవ్వేవారు కాదు. పది రోజులు అది కుండలోంచి బయటికి రాలేదు. కాడ నోటికందిస్తే కాస్త కొరికేది.

పదకొండో రోజు పొద్దున్నే నన్ను కేకేశారు. వెళ్ళేసరికి అది గడ్డిలో ముక్కు దూర్చి కాడ లాగుతోంది. ఉన్నట్టుండి నాలుగు కాళ్ళూ లేపి గాల్లోకి గెంతింది. మళ్ళీ గెంతింది.

"బతికిందండీ!" అన్నాను.

ఆయన మొహంలో సంతోషం లేదు. "ఇవి ఇలా గెంతుతాయని నాకు తెలీదు మాస్టారూ. ఎన్ని వందలు నా చేతుల మీదుగా వెళ్ళిపోయాయో! ఒక్కదాన్నీ గెంతనివ్వలేదు" అన్నారు.