గోధుమ బీరుకు నా తీర్పు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చీమకుర్తిలో మా బావ పనిచేసే గ్రానైట్ ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి ఒక జర్మన్ మెకానిక్ వచ్చాడు. ఆయన తన గదిలోనే గోధుమలతో బీరు తయారుచేసుకునేవాడు. ఆ బీరు మంచిదైతే అరటిపండు వాసన వస్తుందట.

దాని వాసన చూసి చెప్పమని నన్ను పిలిచారు. గుంటూరు మిర్చియార్డులో ఇరవై ఏళ్లుగా కాయ వాసన చూసి సరుకు నాణ్యత తేల్చేవాణ్ణి మరి. "మావాడి ముక్కుకు తిరుగులేదండీ," అన్నాడు బావ.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ తగల్లేదు. గట్టిగా పీల్చినా మంచినీళ్లలాగే ఉంది. ఆ సంగతి ఒప్పుకోవడం నామోషీ అనిపించి, "అరటిపండు ఘుమఘుమలాడుతోంది," అన్నాను.

బావ గ్లాసందుకుని చటుక్కున మొహం తిప్పుకున్నాడు. "ఏరా, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంటే అరటిపండంటావేంటి?"

జర్మన్ కూడా వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. బీరంతా తీసుకెళ్లి సింకులో పారబోశాడు.

మర్నాడు యార్డులో ఒక రైతు బస్తా విప్పాడు. ఎప్పటిలాగే కాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దాని వాసనా తగల్లేదు. "ఎలా ఉందండీ?" అని ఆయన నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

అలవాటు కొద్దీ, సరుకు బాగాలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.