రెసిస్టెంట్ అన్న మాట

సిద్దిపేటలో పరుపులు, దిండ్లు కుట్టే అజీజ్‌ను తెలివితక్కువవాడు అనుకునేరు, కాదు. ఏడో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు. ఆ కాస్త చదువే అతని కొంప ముంచింది.

అతని కూతురు సుమయ్యకు ఎనిమిదేళ్లు. రక్త క్యాన్సర్ ఒకసారి తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు సంధ్య పిల్ల ఎముకలోంచి మూలుగ సూదితో తీసి ల్యాబుకు పంపింది.

"గీ రోగం కణాల మీద ఒక్కొక్క మందు పోసి చూస్తరు అజీజ్ భాయ్. ఏ మందుకు చస్తయో గదే పిల్లకు ఇస్తం," అంది.

వారం తర్వాత రిపోర్టు ఫోనుకు వచ్చింది. అజీజ్ దూది మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని చదివాడు. వరసగా ఎనిమిది మందుల పేర్లు. ఏడింటి పక్కన రెసిస్టెంట్ అని ఉంది, ఒక్కదాని పక్కన సెన్సిటివ్ అని. అతనికి ప్రాణం లేచొచ్చింది. కరోనా రోజుల్లో ఊరూవాడా చెప్పిందేమిటి? రెసిస్టెన్స్ పవర్ ఉన్నవాడు బతుకుతాడనే కదా. గుడ్లు తినమన్నదీ, పసుపు పాలు తాగమన్నదీ దాని కోసమే కదా. సెన్సిటివ్ అంటే నాజూకు. ఆ ఒక్క మందు పిల్లకు పడదు కాబోలు, పోనీ అనుకున్నాడు. ఇందులో అతని తప్పేముందో మీరే చెప్పండి. ఆ మాటను ఆ అర్థంలో అతనికి నేర్పింది మనమే.

ఇంటికి ఉరికాడు. "ఎనిమిదింట్ల ఏడు మందులకు రెసిస్టెన్స్ ఉన్నదట, ఒక్కటే పడదట," అన్నాడు. భార్య బద్రున్నీసా ఎన్నాళ్లకో ఆ పూట కడుపునిండా తిన్నది.

"అయితే బడికి పోవచ్చా అబ్బా?" అని సుమయ్య అడిగింది.

"ఎందుకు పోవు, పోతవ్."

మర్నాడు ముగ్గురూ బస్సెక్కారు. ప్రజ్ఞాపూర్‌లో పిల్ల అడిగి మరీ రెండు ఇడ్లీలు తిన్నది.

డాక్టరు గదిలోకి అజీజ్ ఒక్కడే పోయాడు. "ఏడింటికి ఉన్నది కదా మేడం," అని నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో సంధ్యకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"రెసిస్టెన్స్ పిల్లకు కాదు అజీజ్ భాయ్, రోగానికి. గా ఏడు మందులు పోసినా కణాలు చావలే."

"మరి గా ఒక్కటి?"

"గది పనిచేస్తది. కానీ మొదటిసారే ఇయ్యగలిగినంత ఇచ్చేసినం. ఇంకా ఇస్తే పిల్ల గుండె ఆగుతది." ఆమె తల దించుకుంది. "ఇంక నొప్పి తెల్వకుండ చూసుకుంటం."

 అజీజ్‌కు తన మీద తనకే అసహ్యం పుట్టింది. బయటికొచ్చాడు. బెంచీ మీద సుమయ్య తల్లి ఒళ్లో నిద్రపోతోంది.

"ఏమన్నది?" అని బద్రున్నీసా మెల్లగా అడిగింది.

"నేను తప్పు సదివిన."

ఆమె ముఖం విప్పారింది. "అంటే ఆ ఎనిమిదో మందు సుత మంచిదేనా?"