మా గుమ్మం మీది సింహం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటా రచ్చా రెండూ ఒకే ముహూర్తంలో ఓడిపోయిన ఘనుణ్ని నేను. వినండి, నవ్వొస్తే మొహమాటపడకండి.

గోస్పాడు దగ్గర మా పల్లెలో, మా దేవుడి గూట్లో తరతరాలుగా ఒక వెండి బిళ్ల ఉంది. దాని మీద ఒక సింహం ఎవరినో కింద పడేసి తొక్కుతుంటుంది. అహోబిలం ఇంత దగ్గర పెట్టుకుని మాకు వేరే అనుమానం ఎందుకొస్తుంది? నరసింహస్వామే అనుకున్నాం. పసుపు, కుంకుమ, శనివారం శనివారం టెంకాయ. తెల్లోళ్ల మీద తిరగబడిన మా పూర్వీకుడికి స్వామే కలలో ఇచ్చాడని మా నాయన కనబడినవాడికల్లా చెప్పేవాడు.

నేను నంద్యాలలో డిగ్రీ అయి ఖాళీగా తిరుగుతున్న రోజులవి. నాయన నోట ఒక్క శభాష్ వినాలని నా ఆశ. అందుకే కొత్తింటి గుమ్మం మీదికి ఆ బొమ్మనే ఆళ్లగడ్డలో రాతి మీద పెద్దగా చెక్కించాను. హిరణ్యకశిపుడికి తోకేమిటని నాకూ అనుమానం రాకపోలేదు. నడుముకు కట్టిన దట్టీ అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా!

గృహప్రవేశానికి కాలేజీలో చరిత్ర చెప్పే నా మిత్రుడొచ్చాడు. హారతి వేళ పైకి చూసి, అసలు బిళ్ల తెప్పించుకుని, వెనక్కి తిప్పాడు. అటువైపు కోట బొమ్మ. ఫోన్లో అచ్చం అలాంటి బిళ్లే చూపించాడు. శ్రీరంగపట్నం గెలిచాక ఈస్టిండియా కుంపిణీవాళ్లు తమ గొప్ప చాటుకోవడానికి చేయించి, తమ సిపాయిలకు పంచినదట. సింహం తెల్లవాళ్లు, కిందున్న పులి మైసూరు సుల్తాను అట.

హారతి కళ్లకద్దుకోబోయిన చేతులన్నీ గాల్లోనే ఆగిపోయాయి.

“అట్లయితే మన పెద్దాయన యా పక్క కొట్లాడినట్టురా?” అన్నాడు నాయన.

“బిళ్ల మనింట్లో ఉండాదంటే, సింహం పక్కే నాయనా.”

“మరి ఇన్నేండ్లు మనం టెంకాయలు కొట్టింది ఎవునికి?”

చెక్కిన రాయిని పీకలేం, ఊరి నోరు మూయలేం. చివరికి నాయనే ఉపాయం చెప్పాడు, పులికి కిరీటం పెడితే హిరణ్యకశిపుడైపోతాడని. పరుగెత్తి నంద్యాల బజార్లో ఇత్తడి కిరీటం కొనుక్కొచ్చి బిగించాను.

మిత్రుడు మళ్లీ వచ్చి, చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓడిపోయిన సుల్తానుకు మీ ఇంట్లో కిరీటం దొరికింది కదన్నా.”

నాయన తలెత్తి పులి కిరీటం వైపు చూశాడు. “పోనీలే, ఇప్పుడన్నా తెల్లోళ్ల మీద తిరగబడినాం” అని, మనసారా శభాష్ అన్నాడు. నన్ను కాదు, పులిని.

అందుచేత, ఇక ఈ జన్మలో వెనకవైపు చూడకుండా ఏ బిళ్లకూ దణ్ణం పెట్టనని నరసింహస్వామి మీద ఒట్టేస్తున్నాను. మా గుమ్మం మీదున్నాయన మీద కాదు, కొండ మీదున్నాయన మీద.